చెరువు మీద పక్షుల లెక్కకి ఊరివాళ్ళు ఎందుకు రారు, వస్తే దేనికోసం వస్తారు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది ప్రకాశం జిల్లా, ఊరి చెరువులో ఉన్న తుమ్మ చెట్ల మీద నాలుగేళ్ళ నుంచి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెడుతున్నాయి, మీరు హైదరాబాద్‌లో జాబ్ చేస్తూ నెలకోసారి ఊరెళ్తున్నారు. జనవరిలో బర్డ్ కౌంట్ అని వాట్సాప్‌లో పోస్టర్ పెట్టి, టోపీలు కూడా కొట్టిస్తే తొమ్మిదిమంది వచ్చారు, అందులో ఆరుగురు సెల్ఫీలు దిగి టిఫిన్ తినేసి వెళ్ళిపోయారు. "మావాళ్ళకి అవేర్‌నెస్ లేదు, ఎలా తేవాలి" అని అడిగారు.

సూటిగా చెప్పేస్తా. అవేర్‌నెస్ లేక కాదు, ఆ లెక్కతో వాళ్ళకి పని లేక రాలేదు. ఆ చెరువు గురించి వాళ్ళకి ఆల్రెడీ ఏదో ఒక గొడవో అనుమానమో ఉండే ఉంటుంది, చేపలో, నీళ్ళో, కంపో. ముందు దాన్ని తేల్చే లెక్క పెట్టండి, మీక్కావల్సిన పక్షుల లెక్క దాని తోకపట్టుకుని వచ్చేస్తుంది. తిరగేసి చేస్తే ప్రతి జనవరికీ ఆ ముగ్గురే మిగుల్తారు.

నేను ఫారెస్టు మనిషిని కాదు, జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను, శ్రీకాకుళం జిల్లాలో రెండు చెరువుల దగ్గర 16 ఏళ్ళుగా ఈ పని మీద తిరుగుతున్నాను. ఊళ్ళ పేర్లు రాయను, ఎందుకో కింద చెప్తాను. మీరు చేసిన తప్పు నేనూ చేశాను, నాది ఇంకా గ్రాండ్‌గా జరిగింది, స్కూల్లో ఉదయం తొమ్మిదిన్నరకి మీటింగ్ పెట్టి ప్రొజెక్టర్ వేసి స్లైడ్లు చూపించాను. ఆ టైంలో ఊళ్ళో ఎవరుంటారు చెప్పండి, పెద్దమనుషులు, టీచర్లు, పిల్లలు. చెరువు గురించి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు, మేకలవాళ్ళు గట్టు మీద ఉన్నారు, వలవాళ్ళు తెల్లారి పని చేసి పడుకున్నారు, ఆడవాళ్ళు పనికెళ్ళారు.

అసలు మనిషి నాకు దొరికింది రెండో ఏడు. చెరువుని చేపలకి వేలంపాట పాడుకున్నాయన (పాటదారు) దగ్గర కాపలా ఉండే ముసలాయన. తూము దగ్గర కూర్చుని ఉంటే గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు కనబడ్డాయి, కొన్ని నిలువు, కొన్ని అడ్డం, పక్కన ఒకచోట చందమామలాగా సున్నా. ఇవేంటి తాతా అంటే "గూడబాతు దిగిందంటే నాకు రాత్రి కాపలా మొదలు బాబూ, ఏ పున్నానికి దిగిందో గీసుకుంటాను, ఆ లెక్కనే పాటదారు డబ్బులిస్తాడు" అన్నాడు. ఏడేళ్ళ గీతలు! పక్షులు మొదట ఏ రోజుల్లో వచ్చాయి అన్నది ఏడేళ్ళకి సరిపడా ఆ గోడ మీద ఉంది, నేనేమో ప్రొజెక్టర్ మోసుకుని తిరుగుతున్నాను. ఆయన జీతం కోసం పెట్టుకున్న లెక్క అది, అందుకే ఒక్క ఏడు కూడా తప్పలేదు.

అక్కడ్నించి నాకు పద్ధతి మారింది.

పాటదారు కంప్లైంట్ ఏంటంటే గూడబాతులు చేపపిల్లల్ని ఊడ్చేస్తున్నాయి, ఏటా నష్టం, బాణాసంచా కాల్చి తోలేస్తాను అని. ఆయనతో వాదించలేదు నేను. "సరే, ఎంత తింటున్నాయో లెక్క తేలుద్దాం, మీ మనిషే రాస్తాడు, నేను రాయను" అన్నాను. ముసలాయనకి చదువు రాదు కాబట్టి రోజూ తెల్లారి గంటసేపు నీళ్ళ మీద దిగిన పక్షుల్ని చూసి తర్వాత మనవడి ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేవాడు, ఇవాళ గూడబాతులు రెండు, నీటికాకులు రెండు పాతికలు, గుడ్డికొంగలు గట్టు మీద ఇన్ని, అలా. (మీరూ ఇదే చేయండి, ఫారాలు ప్రింట్ చేయకండి, వాయిస్ మెసేజ్‌కి మించిన ఫారం లేదు, తేదీ టైం దానంతటదే పడిపోతుంది.) నెల తిరిగేసరికి కనబడిందేంటంటే గూడబాతులు గూళ్ళు ఇక్కడ పెట్టినా మేతకి చాలావరకు ఎక్కడికో ఎగిరిపోతున్నాయి, పొద్దున్నే వేడెక్కాక గాలి పట్టుకుని పైకి లేచి వెళ్ళి సాయంత్రానికి వస్తున్నాయి. ఈ చెరువులో మునిగి మునిగి తింటున్నవి నీటికాకులు. పాటదారుకి కోపం పోలేదు గానీ కోపం తిరగాల్సిన వైపు తిరిగింది, మరుసటి ఏడు చిన్న పిల్ల బదులు వేలంత సైజు పిల్ల తెచ్చి వదిలాడు, బాణాసంచా మానేశాడు. మీ చెరువులో కూడా ఇలాగే ఉంటుందని నేను చెప్పట్లేదు, ఒకవేళ మీ దగ్గర గూడబాతులే చేపలు తింటున్నాయని తేలితే అదే నిజం, అప్పుడు దాన్నీ ఒప్పుకోవాలి. ముందే జవాబు డిసైడయ్యి లెక్క మొదలుపెడితే పల్లెలో వాళ్ళు పది నిమిషాల్లో పసిగడతారు.

ఇంకో వర్గం గురించి ఎవరూ రాయరు, చెట్ల కింద ఇళ్ళున్నవాళ్ళు. మా రెండో చెరువు దగ్గర గూళ్ళు సగం ఊళ్ళో చింతచెట్ల మీదే. రెట్టలు, కుళ్ళిన చేపలు పడతాయి, బట్టలారేసుకోలేరు, నుయ్యి పాడవుతుంది. మేం గూళ్ళు లెక్కపెడుతుంటే ఒకావిడ చీపురు పట్టుకుని వచ్చి "లెక్కలు మీకు, కంపు మాకూనా మాస్టారూ" అంది. నా దగ్గర జవాబు లేదు. పంచాయతీని బతిమాలి ఆ నూతి మీద పచ్చ నెట్ వేయించడానికి నాకు ఐదు నెలలు పట్టింది, వేసిన వారానికి ఆవిడే గూట్లోంచి పడిపోయిన పిల్లల లెక్క చెప్పడం మొదలుపెట్టింది, ఇవాళ రెండు, నిన్న గాలికి నాలుగు అని. పడిపోయిన పిల్లల లెక్క బైనాక్యులర్స్ వేసుకుని వచ్చేవాళ్ళకి జన్మలో దొరకదు, అది వాకిలి ఊడ్చే మనిషికే తెలుస్తుంది. కర్ణాటకలో కొక్కరెబెళ్ళూరు అని మాండ్య జిల్లాలో ఊరుంది, అక్కడ కూడా చింతచెట్ల మీదే గూడబాతులు, ఆ చెట్ల చింతపండు నష్టపోయినందుకు అక్కడి అటవీ శాఖ చెట్ల యజమానులకి ఎంతో కొంత డబ్బు ఇచ్చింది. పక్షుల్ని పురిటికొచ్చిన ఆడపిల్లలు అనుకుంటారు అక్కడివాళ్ళు, నిజమే, కానీ ఆడపిల్ల పురిటికొచ్చినా పుట్టింటికి ఖర్చే కదా, ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో చూడకుండా "మా పల్లె ప్రజల పక్షి ప్రేమ" అని పేపర్లో రాసేయడం నాకు నచ్చదు.

ఇక సైబీరియా సంగతి. మీ పోస్టర్లో కూడా "సైబీరియా నుంచి వచ్చిన అతిథులు" అని ఉంది, దాన్ని తీసేయండి. తేలినీలాపురం, తేలుకుంచి, వీరాపురం, ఉప్పలపాడు, నేలపట్టు, ఇలా పక్షులు గూళ్ళు పెట్టే ఊళ్ళు ఎక్కడ చూసినా పేపర్లవాళ్ళు ఇదే రాస్తారు, నలభై ఏళ్ళుగా రాస్తున్నారు. మన దగ్గర గూళ్ళు పెట్టే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు సైబీరియావి కావు, ఇవి మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ ఉండే పక్షులే, నీళ్ళు మేత చూసుకుని ఒక చోటినుంచి ఇంకో చోటికి తిరుగుతాయి. గుర్తుపెట్టుకోవడం సులువు, చలికాలం గడపడానికి ఉత్తరాన్నించి వచ్చే బాతులు ఇక్కడ తిని తిరిగి వెళ్ళిపోతాయి, గూడు పెట్టవు. ఇక్కడ గూడు పెట్టి పిల్లల్ని చేసింది అంటే అది ఇక్కడిదే. మా ఊళ్ళో ఇది చెప్పినప్పుడు ఒక రిటైర్డ్ టీచరు గారికి బాగా కోపమొచ్చింది, పాపం ఆయన ముప్పై ఏళ్ళుగా పిల్లలకి సైబీరియా అనే చెప్పారు. నేనూ మొదట్లో తొందరపడ్డాను, అందరి ముందూ సరిదిద్దేశాను, అది తప్పు. తర్వాత ఏడు ఆయనతోనే చెప్పించాను, ఆయన ఎలా చెప్పారంటే "ఇన్నాళ్ళూ చుట్టాలనుకున్నాం, ఇవి మన పిల్లలేనర్రా". నేను పదేళ్ళు చెప్పినా అంత బాగా చెప్పలేను.

లెక్క ఎలా పెట్టాలి అన్నది మీరు అడగలేదు గానీ చెప్పాలి, ఎందుకంటే ఊరివాళ్ళు పెట్టిన లెక్కని పైవాళ్ళు కొట్టిపారేసేది ఇక్కడే. ఎగిరే పక్షుల్ని లెక్కపెట్టడం కన్నా గూళ్ళు లెక్కపెట్టడం నయం, గూడు కదలదు. ప్రతి చెట్టుకీ నంబరు బదులు ఊరివాళ్ళు పిలిచే పేరే వాడండి, మాకు పోలమ్మ చింత, కరెంటు స్తంభం తుమ్మ, వాలిన రావి ఇలా ఉన్నాయి, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ పేర్లు ఎవరూ తప్పు చెప్పరు, పెయింట్ నంబర్లు రెండు వానలకి పోతాయి. గట్టు మీద ఒకే చోట నిలబడి, పదిహేను రోజులకోసారి, పొద్దున్న ఒకే టైంకి. ఇద్దరు ముగ్గురు విడివిడిగా లెక్కపెట్టి, ఒకరిది ఒకరు చూసుకోకుండా రాసుకుని, తర్వాత కలిపి చూడాలి. మొదటిసారి వాలిన రావి మీద ఎనిమిదో తరగతి పిల్ల 41 రాసింది, టీచరుగారు 58, నేను 47. గంటసేపు గొడవ. తీరా చూస్తే టీచరుగారు కిందటేడు ఖాళీ గూళ్ళు కూడా కలిపేశారు, నేను రెండు కొమ్మల్ని రెండుసార్లు లెక్కపెట్టాను, పిల్లదే కరెక్ట్. ఆ రోజు రూల్ పెట్టుకున్నాం, పక్షి కూర్చుని ఉండాలి, లేదా పిల్ల కనబడాలి, లేదా గూటి కింద రెట్ట తాజాగా ఉండాలి, అప్పుడే అది గూడు. ఇంకో రూల్, ఏమీ కనబడని రోజు కూడా సున్నా అని రాయాలి. ఊరివాళ్ళకి దీన్ని ఒప్పించడం కష్టం, ఏమీ లేనిదాన్ని ఏం రాస్తాం అంటారు, "పాలకేంద్రంలో పాలు పోయని రోజు ఖాళీ పెడితే పోయలేదనా, రాయడం మర్చిపోయారనా" అంటే టక్కున అర్థమైంది.

చెట్ల కిందకి గుంపుగా పోకండి, డ్రోన్ అసలు ఎగరేయకండి. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు పెద్దవి బెదిరి లేచాయంటే మధ్యాహ్నం ఎండకి బొచ్చు రాని పిల్లలు కొద్దిసేపట్లో చచ్చిపోతాయి, గుడ్లని కాకులు ఎత్తుకెళ్ళిపోతాయి. లెక్క కోసం వచ్చి మనమే చంపినవాళ్ళం అవుతాం. అలాగే పడిపోయిన పిల్లని ప్రేమతో ఇంటికి తీసుకెళ్ళి పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే, చెరువు శాంక్చువరీ (ప్రభుత్వం ప్రకటించిన అభయారణ్యం) కాకపోయినా సరే. అటవీ శాఖ బీట్ ఆఫీసర్ నంబరు గోడ మీద రాయించండి, ఆయన రాకపోయినా ఫోన్ చేసినట్టు రికార్డు ఉంటుంది.

చచ్చిపోయిన పక్షుల లెక్క కూడా రోజూ ఎవరో ఒకరు చూడాలి. 2021 డిసెంబర్ నుంచి 2022 మొదటి వారాల దాకా మా జిల్లాలోనే తేలినీలాపురంలో గూడబాతులు వందకి పైగా చనిపోయాయి, ఊరంతా బర్డ్ ఫ్లూ అని హడలిపోయారు, కోళ్ళు తినడం మానేశారు, చివరికి పరీక్షల్లో కడుపులో పురుగులు అని తేలింది, చేపల ద్వారా ఎక్కే పురుగులు. అలాంటప్పుడు ఏ రోజు ఎన్ని, పెద్దవా పిల్లలా, ఏ చెట్టు కింద అన్నది ఊళ్ళోవాళ్ళ దగ్గరే ఉంటుంది, పైనుంచి డాక్టర్లు వచ్చేసరికి కొన్ని రోజులు గడిచిపోతాయి. చేత్తో ముట్టుకోవద్దని మాత్రం పిల్లలకి గట్టిగా చెప్పాలి, ఫోటో తీసి, చెప్పి, దూరంగా ఉండాలి అంతే.

ఇప్పుడు ఊళ్ళ పేర్లు ఎందుకు రాయను అన్నదానికి వస్తా. మా నాలుగో ఏడు నేను ఉత్సాహంకొద్దీ గూళ్ళ లెక్క ఒక విలేకరికి ఇచ్చాను, పెద్ద ఫోటోతో వేశారు, చివర్లో "శాంక్చువరీగా ప్రకటించాలని పక్షి ప్రేమికుల డిమాండ్" అని వాళ్ళంతట వాళ్ళే రాసేశారు. అంతే. చెరువు కింద పొలాలు పోతాయి, చేపల పాట ఆగిపోతుంది అని ఊళ్ళో మాట పుట్టింది. మీకు వింతగా అనిపిస్తుందేమో గానీ ఆ భయం ఊరికే పుట్టింది కాదు, కొల్లేరు 1999లో శాంక్చువరీ అయింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపల చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు, ఆ వార్త వినని చేపలోడు ఈ రాష్ట్రంలో లేడు. కొల్లేరుకి ఆ పని అవసరమా కాదా అన్నది వేరే చర్చ, నా మటుకు అవసరమే అనుకుంటాను, కానీ పక్షి లెక్క అంటే భూమి పోవడం అని జనం మనసులో ముడి పడిపోయింది. ఆ సీజన్ అంతా ఒక్కరు నాతో మాట్లాడలేదు. ముసలాయన వాయిస్ మెసేజ్‌లు ఆగిపోయాయి. మళ్ళీ మొదలవడానికి ఏడాదిన్నర పట్టింది.

అప్పట్నించి లెక్క మొదలుపెట్టకముందే ఆ నంబరు ఎక్కడికి వెళ్తుందో, ఎవరు చూస్తారో, ఏది బయటికి వెళ్ళదో చెప్పేస్తాను. నోట్‌బుక్ ఊళ్ళోనే ఉంటుంది, రచ్చబండ పక్కన కిరాణా కొట్లో, ఎవరైనా చూడొచ్చు. నేను ఫోటో తీసుకుంటాను, ఈబర్డ్‌లో ఎక్కించాలంటే వాళ్ళని అడిగి ఎక్కిస్తాను, అది పక్షుల లెక్కలు ఎక్కించే ఫ్రీ యాప్, మొదలుపెట్టిన టైం, ఎంతసేపు, కనబడిన జాతులన్నీ అడుగుతుంది. పేపర్‌కి మాత్రం ఊరి పెద్దలే మాట్లాడాలి, నేను మాట్లాడను. సీజన్ అయ్యాక ఒక చార్టు పేపర్ మీద పెద్దక్షరాలతో చెట్లవారీ లెక్క, పక్కన కిందటేడు లెక్క రాసి అదే కొట్టు గోడకి అంటిస్తాం, లెక్కపెట్టినవాళ్ళ పేర్లు పైన, నా పేరు ఉండదు. ఆ చార్టు దగ్గర జరిగే వాదనలకి మించిన మీటింగ్ నేను చూడలేదు.

డబ్బుల గురించి మీరు చివర్లో అడిగారు, వాలంటరీగానే ఉండాలా అని. రోజు కూలీ మనిషిని ఉచితంగా పని చేయమనడం నాకు సిగ్గనిపిస్తుంది. రోజూ చూసి చెప్పే మనిషికి నెలకి ఇంత అని ఇవ్వండి, కనీసం ఫోన్ రీఛార్జి. కానీ పక్షికింత, గూటికింత, పిల్లకింత అని మాత్రం పొరపాటున కూడా వద్దు, అలా ఇస్తే లెక్క పెరుగుతుంది, పక్షులు పెరగవు. గుజరాత్ తీరంలో తిమింగల సొర వలలో పడితే వల కోసి వదిలేసే జాలరికి వల నష్టం ఇచ్చే పద్ధతి ఉంది, ఆ సొరని కాపాడాలని 2004లో మొదలైన ప్రచారానికి కొనసాగింపుగా వచ్చింది, వాళ్ళకే కెమెరాలిచ్చి ఆ వదిలేయడాన్ని వాళ్ళే ఫోటో తీసుకునేలా చేశారు. చూడండి, అక్కడ డబ్బు ఇచ్చేది సొర కోసం కాదు, తెగిన వల కోసం. ఆ తేడా పట్టుకుంటే చాలు.

ఇంకొకటి, మీరు నెలకోసారి మాత్రమే ఊళ్ళో ఉంటారు కాబట్టి మీరు లీడర్ అవ్వకండి. తమిళనాడులో 2015 నుంచి పొంగల్ రోజుల్లో పక్షుల కౌంట్ చేస్తున్నారు, మనకీ సంక్రాంతికి ఊరంతా ఇంటికొస్తుంది, పట్నం నుంచి వచ్చిన పిల్లలు ఖాళీగా ఉంటారు, ఆ మూడు రోజులు మీలాంటివాళ్ళకి బాగా పనికొస్తాయి. కానీ అది పండగ లెక్క. గూళ్ళ సీజన్ దానికి ముందే మొదలై తర్వాత కూడా నడుస్తుంది, మిగతా పదిహేను రోజులకోసారి లెక్క ఊళ్ళో ఉండే మనిషే చేయాలి, ఆ మనిషి ఎవరన్నది దొరికేదాకా టోపీలు కొట్టించకండి. నన్నడిగితే వెతకాల్సిన వరుస ఇది: చెరువు పాటదారు కాపలా మనిషి, మేకలవాళ్ళు, చెట్ల కింద ఇంటివాళ్ళు, ఆ తర్వాత స్కూలు పిల్లలు. సర్పంచ్ గారికి ముందు చెప్పి నమస్కారం పెట్టండి, చెప్పకపోతే అదొక తలనొప్పి, కానీ ఆయన్ని లెక్కకి రమ్మనకండి.

ఈసారి ఊరెళ్ళినప్పుడు బైనాక్యులర్స్ బ్యాగులోనే ఉంచి తూము దగ్గర ఒక పూట ఊరికే కూర్చోండి. గోడ మీదో, పడవ చెక్క మీదో, క్యాలెండర్ మీదో ఎవరో ఏదో గీసుకునే ఉంటారు. అది కనబడిన రోజే ఫోటో తీసుకోండి, అడిగే తీసుకోండి. మా తూముకి మూడేళ్ళ కిందట రిపేర్లలో సిమెంటు పూసి తెల్ల సున్నం కొట్టేశారు, ముసలాయన గీతలన్నీ పోయాయి. నా దగ్గర ఒకే ఒక్క ఫోటో ఉంది, అందులో కూడా ఎడమవైపు రెండేళ్ళ గీతలకి నా స్కూటర్ అడ్డం వచ్చింది.